మామునూరు నుంచి స్టేషన్ ఘన్‌పూర్ దాకా: చిన్న స్థలాల్లో నమూనా విమానం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
నమూనా విమానాలను ఎగరవేసే విద్యను మనం ఏరోమోడలింగ్ అంటున్నాం. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఈ విద్యకు చాలాకాలం మామునూరు విమానాశ్రయ మైదానం ఆశ్రయమైంది. ఆ మైదానం తిరిగి ప్రయాణికుల విమానాశ్రయంగా మారబోతున్న తరుణంలో, స్టేషన్ ఘన్‌పూర్ వంటి చిన్న పట్టణాల విద్యార్థి తన తొలి విమానాన్ని ఎక్కడ ఎగరవేయాలి, ఎటువంటి విమానాన్ని ఎంచుకోవాలి అనే ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. ఏరోమోడలింగ్ చరిత్రను స్థలానికీ బరువుకూ మధ్య సాగిన సంబంధంగా చదివితే ఈ ప్రశ్నకు సమాధానం ఆ చరిత్రలోనే దొరుకుతుందని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: ఏరోమోడలింగ్, మామునూరు, స్టేషన్ ఘన్‌పూర్, రెక్కభారం, రేడియో నియంత్రణ, ఎన్.సి.సి., డ్రోన్ నియమాలు.

1. ఉపోద్ఘాతం

స్టేషన్ ఘన్‌పూర్ పేరులోనే రైలు ఉంది. నిజాం రైలుమార్గం 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు, 1886 నాటికి వరంగల్లుకు, 1889 నాటికి బెజవాడకు చేరింది. ఆ మార్గం మీద స్టేషన్ వెలిసినందువల్ల ఈ ఊరు ఇతర ఘన్‌పూర్‌ల నుంచి వేరుపడింది. కోటగుళ్లకు ప్రసిద్ధమైన గణపురం, అంటే ఘన్‌పూర్ (ములుగు), నేడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉండగా, స్టేషన్ ఘన్‌పూర్ 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ జిల్లాలో చేరింది. నేల మీద నడిచే యంత్రం ఈ ఊరికి పేరునిచ్చింది. ఆకాశంలో నడిచే యంత్రంతో ఈ ప్రాంతానికున్న సంబంధం మాత్రం చరిత్రకారుల దృష్టికి అంతగా రాలేదు. పెద్ద విమానాల విషయంలోనే ఇలా ఉండగా, బాలుర ఆటగా భావించే నమూనా విమానాల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఈ వ్యాసరచనకు ఒక చిన్న సంఘటన ప్రేరణ. ఈ వ్యాసకర్త బోధించే తరగతిలోని ఒక విద్యార్థి, రెండు నెలలు కూడబెట్టిన డబ్బుతో రేడియో నియంత్రిత విమానమొకటి తెప్పించుకున్నాడు. అది యుద్ధవిమానం ఆకారంలో ఉంది, చూడముచ్చటగా ఉంది. బడి మైదానంలో చేతితో విసిరిన కొన్ని క్షణాలకే ప్రహరీ దాటి తాటిచెట్టుకు కొట్టుకొని ముక్కలైంది. "నాకు చేతకాదు సార్" అని ఆ విద్యార్థి నిర్ధారణకు వచ్చాడు. ఆ నిర్ధారణ సరైనదేనా? తప్పు విద్యార్థి చేతిలో ఉందా, విమానంలో ఉందా, లేక విమానానికీ మైదానానికీ కుదరని పొత్తులో ఉందా? ఈ ప్రశ్నే ఈ పరిశీలనకు మూలం.

2. మామునూరు: రన్‌వే నీడలో నమూనా విమానం

హైదరాబాద్ రాజ్యంలో విమానయానం 1930 దశకంలో నిలదొక్కుకుంది. బాబర్ మీర్జా చొరవతో హైదరాబాద్ స్టేట్ ఏరో క్లబ్ నడిచింది; బేగంపేట విమానాశ్రయం రూపుదిద్దుకుంది. నిజాం ప్రభుత్వం, టాటా సంస్థ భాగస్వాములుగా 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడింది. 1953లో జాతీయీకరణతో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

ఈ క్రమంలోనే ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1930లో, వరంగల్లు సమీపంలోని మామునూరులో విమానాశ్రయం నిర్మితమైంది. వరంగల్లులో ఆజం జాహీ మిల్లు వంటి పరిశ్రమలు వెలసిన దశాబ్దమది. స్వాతంత్ర్యానంతరం కూడా కొంతకాలం విమానాలు దిగిన మామునూరు 1981 తరువాత ప్రయాణికుల రాకపోకలకు దూరమైంది. అయినా ఆ మైదానం పూర్తిగా మూగబోలేదు. ఎన్.సి.సి. వాయువిభాగం విద్యార్థులు గ్లైడింగ్‌కు, ఏరోమోడలింగ్‌కు దాన్ని శిక్షణస్థలంగా వాడుకున్నారు. ఎన్.సి.సి. 1948 నాటి చట్టంతో ఏర్పడగా, దాని వాయువిభాగం 1950లో ప్రారంభమైంది. మన ప్రాంతంలో ఒక సామాన్య విద్యార్థికి నమూనా విమానాన్ని చేతితో ముట్టుకునే అవకాశం కలిగించిన ప్రధాన వ్యవస్థల్లో అది ఒకటి.

ఇక్కడ గమనించవలసిన విషయమొకటి ఉంది. మామునూరులో విమానాశ్రయ ప్రాధికార సంస్థ చేతిలో ఉన్న భూమి దాదాపు 700 ఎకరాలు. అంత విశాలమైన స్థలంలో నేర్చుకునే విద్యార్థికి స్థలం అనేది ఆలోచించవలసిన విషయమే కాదు. విమానం ఎటు పోయినా నేలే ఉంటుంది. అందువల్ల ఏరోమోడలింగ్ అంటే విశాల మైదానం ఉన్నవారి విద్య అనే అభిప్రాయం మనలో స్థిరపడింది. 2025లో కేంద్ర ప్రభుత్వం మామునూరు పునరుద్ధరణకు అనుమతి ఇచ్చింది. ప్రయాణికుల విమానాలు తిరిగి రావడం ఈ ప్రాంతానికి శుభవార్తే. కానీ పెద్ద విమానం తిరిగివచ్చిన చోట చిన్న విమానానికి చోటుండదు. మైదానం పోతే విద్య కూడా పోతుందా?

3. స్థలాన్ని గెలిచిన క్రమం

పోదని చెప్పడానికి ఏరోమోడలింగ్ చరిత్రే సాక్ష్యం. ఈ విద్య పుట్టింది విమానాశ్రయాల్లో కాదు. 1871లో అల్ఫాన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు పారిస్‌లోని ట్యుయిలరీస్ ఉద్యానంలో, మెలితిప్పిన రబ్బరు శక్తితో నడిచే చిన్న విమానాన్ని 11 సెకన్లపాటు ఎగరవేశాడు. మనిషిని మోసే విమానం రావడానికి ఇంకా మూడు దశాబ్దాలు ఉంది. పెనో విమానంలో రెక్కల కొసలు పైకి వంగి ఉన్నాయి. వెనుక స్థిరత్వాన్నిచ్చే తోక ఉంది. పంఖా వెనుక భాగంలో ఉంది. ఈ మూడు లక్షణాలనూ నేటి ప్రారంభకుల విమానాల్లో మళ్లీ చూస్తాం. పెనో పద్ధతిలో తయారైన ఒక ఎగిరే బొమ్మను 1878లో తండ్రి తెచ్చి ఇవ్వడం రైట్ సోదరుల ఆసక్తికి బీజమైందన్నది ప్రసిద్ధమే. అంటే నమూనా విమానం పెద్ద విమానానికి నకలుగా పుట్టలేదు. పెద్ద విమానానికి అదే తొలి గురువు.

రెండవ దశ రేడియోది. 1937లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రం కలమజూలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ సోదరులు 'గఫ్' అనే విమానాన్ని రేడియోతో నియంత్రించారు. దాని రెక్కల విస్తారం దాదాపు 8 అడుగులు. శూన్యనాళికలతో పనిచేసే రేడియో, దానికి తగిన బ్యాటరీలు, పెట్రోలు ఇంజను కలిసి విమానాన్ని అంత పెద్దదిగా చేశాయి. బరువు పెరిగింది గనుక వేగం పెరిగింది. వేగం పెరిగింది గనుక మైదానం పెరిగింది. రేడియో నియంత్రణ తన తొలిరోజుల్లో విశాల స్థలం ఉన్నవారికే పరిమితమైంది.

స్థలం లేనివారికి అదేకాలంలో మరో దారి దొరికింది. అది తీగల విమానం. జిమ్ వాకర్ 1940 దశకంలో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో ఎగరవేసేవాడు మధ్యలో నిలబడి, రెండు సన్నని తీగలతో విమానాన్ని పట్టుకొని తన చుట్టూ తిప్పుతాడు. తీగ 15 మీటర్లయితే 30 మీటర్ల వ్యాసమున్న వృత్తం చాలు. విమానం ఆ వృత్తం దాటి పోలేదు. ఎన్.సి.సి. పోటీల్లో ఈ తీగల విమానాలకు ప్రత్యేక స్థానం ఉండడం యాదృచ్ఛికం కాదు. పతంగిని ఎరిగిన మన పిల్లలకు ఈ సూత్రం కొత్తదీ కాదు. సంక్రాంతినాడు డాబా మీద నిలబడి పతంగిని ఆకాశానికెత్తే పిల్లవాడు రెండు చదరపు మీటర్ల స్థలంలో వాయుశాస్త్రాన్ని సాధన చేస్తున్నాడు. పతంగి తేలిక, దాని వైశాల్యం ఎక్కువ, దారం దాన్ని హద్దులో ఉంచుతుంది. తీగల విమానంలో దారం మిగిలింది, తేలికదనం పోయింది. దారాన్ని వదిలి తేలికదనాన్ని తిరిగి పొందడమే తరువాతి అధ్యాయం.

ఆ అధ్యాయం విద్యుత్తుతో వచ్చింది. 1957 జూన్ 30న ఇంగ్లండులో కల్నల్ టాప్లిన్ 'రేడియో క్వీన్' అనే విమానాన్ని విద్యుత్ మోటారుతో, రేడియో నియంత్రణతో ఎగరవేశాడు. కానీ ఆనాటి బ్యాటరీల బరువు ఆ ప్రయత్నాన్ని ప్రయోగదశలోనే ఉంచింది. ట్రాన్సిస్టర్లు రేడియో బరువును తగ్గించాయి. నికెల్-కాడ్మియం బ్యాటరీతో పోలిస్తే అదే బరువుకు దాదాపు మూడు రెట్ల శక్తినిచ్చే లిథియం-పాలిమర్ బ్యాటరీలు 2000 దశకంలో అందుబాటులోకి వచ్చాయి. బాల్సా కర్ర స్థానంలో నురుగు పలకలు వచ్చాయి. మన దేశంలో 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగశ్రేణిని తక్కువ శక్తి గల పరికరాలకు లైసెన్సు లేకుండా అనుమతించారు. ఈ శ్రేణిలో పనిచేసే కొత్త రేడియోలు ఒకరి సంకేతం మరొకరి విమానాన్ని చెడగొట్టే పాత బెడదను చాలావరకు తొలగించాయి. వీటన్నిటి ఫలితంగా వంద గ్రాములలోపు బరువుతో పూర్తిస్థాయి రేడియో నియంత్రిత విమానం సాధ్యమైంది. ఎనిమిది అడుగుల 'గఫ్' నుంచి అరచేతిలో నిలబెట్టగల విమానం దాకా సాగిన ఈ ప్రయాణమంతా బరువు తగ్గిన చరిత్రే.

4. రెక్కభారం: ఎంపికకు కొలబద్ద

బరువు తగ్గితే స్థలం ఎందుకు తగ్గుతుంది? విమానం మొత్తం బరువును రెక్కల వైశాల్యంతో భాగిస్తే వచ్చే విలువను ఈ వ్యాసంలో 'రెక్కభారం' అందాం. నమూనా విమానాల విషయంలో దీన్ని చదరపు డెసిమీటరుకు ఇన్ని గ్రాములని లెక్కిస్తారు. ఒక చదరపు డెసిమీటరు అంటే 10 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు గల ముక్క.

రెక్కల విస్తారం 60 సెంటీమీటర్లు, రెక్క వెడల్పు 15 సెంటీమీటర్లు ఉన్న రెండు విమానాలను తీసుకుందాం. రెండింటి రెక్కల వైశాల్యం 9 చదరపు డెసిమీటర్లే. మొదటిదాని బరువు 90 గ్రాములు, రెక్కభారం 10. రెండవదాని బరువు 360 గ్రాములు; రెక్కభారం 40. సాధారణ రెక్కకు, మన ప్రాంతపు గాలి సాంద్రతకు లెక్కిస్తే మొదటిది సెకనుకు సుమారు 4 మీటర్ల వేగం వరకు గాలిలో నిలుస్తుంది. రెండవది సెకనుకు 8 మీటర్లకన్నా తగ్గితే జారి పడిపోతుంది. కొంత జాగ్రత్త వేగం కలిపి ఎగరవేస్తే మొదటిది సెకనుకు 5 మీటర్లకు కొంచెం పైన, రెండవది పదిన్నర మీటర్ల వేగంతో పోతాయి. 60 మీటర్ల బడి మైదానాన్ని రెండవ విమానం ఆరు సెకన్లలోపే దాటుతుంది. కొత్తగా నేర్చుకునేవాడు విమానం తనవైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయని గుర్తు తెచ్చుకునేలోగానే ప్రహరీ వచ్చేస్తుంది. ఉపోద్ఘాతంలో పేర్కొన్న విద్యార్థి ఓటమికి కారణం ఈ ఆరు సెకన్లే.

మలుపు సంగతి ఇంకా ముఖ్యం. విమానం 30 డిగ్రీలు ఒరిగి తిరిగినప్పుడు మొదటిదాని మలుపు వృత్తం వ్యాసం సుమారు 10 మీటర్లు. అంటే కబడ్డీ బరి వెడల్పు. రెండవదానిది సుమారు 40 మీటర్లు. వేగం రెట్టింపయితే మలుపు నాలుగింతలవుతుంది. అందువల్ల సూత్రాన్ని ఇలా సరళంగా చెప్పవచ్చు: రెక్కభారం ఎన్ని రెట్లు పెరిగితే మలుపు వ్యాసం అన్ని రెట్లు పెరుగుతుంది. నేర్చుకునేవాడికి తప్పు దిద్దుకునే చోటు కావాలి గనుక వృత్తానికి ఇరువైపులా అంతే స్థలం వదిలితే, మొదటిదానికి 30 మీటర్ల చదరం, రెండవదానికి 120 మీటర్ల చదరం కావాలి. మన కొలతల్లో చెబితే మొదటిదానికి సుమారు 9 గుంటలు; రెండవదానికి మూడున్నర ఎకరాలు. మామునూరులో ఈ తేడా ఎవరికీ పట్టలేదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఇదే సమస్తం.

5. తొలి విమానం లక్షణాలు

పై లెక్క ఆధారంగా, చిన్న స్థలంలో నేర్చుకునేవారు తొలి విమానంలో చూడవలసిన లక్షణాలను ఇలా క్రోడీకరించవచ్చు.

మొదటిది, ముందు స్థలాన్ని కొలిచి ఆ తరువాత విమానాన్ని వెతకాలి. చాలామంది ఈ క్రమాన్ని తలకిందులు చేస్తారు. పెట్టె మీద బొమ్మను చూసి కాక, బరువునూ రెక్కల కొలతనూ చూసి కొనాలి. రెక్కభారం 10 నుంచి 15 గ్రాముల మధ్య ఉంటే బడి ఆవరణ సరిపోతుంది.

రెండవది, రెక్క శరీరానికి పైభాగాన ఉండి, కొసలు పైకి వంగి ఉండాలి. అటువంటి విమానం ఒరిగినప్పుడు, కర్రను వదిలేస్తే తనంతట తానే సర్దుకుంటుంది. పెనో 1871లో చేసింది ఇదే. యుద్ధవిమానం ఆకారంలోని రెక్కలు చాలావరకు ఈ గుణాన్ని వదులుకున్నవే. చురుకుదనం నేర్చినవాడికి వరం, నేర్చుకునేవాడికి శాపం.

మూడవది, మోటారు వేగం, తోకలోని నిలువు చుక్కాని, అడ్డ చుక్కాని అనే మూడు నియంత్రణలు చాలు. రెక్కల మీది నాలుగవ నియంత్రణ తరువాతి మెట్టు. స్థిరత్వాన్ని కాపాడే గైరో పరికరం ఉంటే మేలే. కానీ అది ఎక్కువ రెక్కభారాన్ని తక్కువ చేయలేదు. వేగంగా పోయే విమానం గైరోతో తిన్నగా పోతుందే తప్ప నెమ్మదిగా పోదు.

నాలుగవది, పంఖా వెనుకవైపు ఉంటే మంచిది. ముక్కు నేలకు తగిలినప్పుడు పంఖా విరగదు. చూసేవారి వేళ్లకూ ప్రమాదం తగ్గుతుంది. శరీరం వంగి తిరిగి లేచే నురుగుతో చేసినదై, విరిగితే జిగురుతో అతికేదై ఉండాలి. తొలి విమానం పడుతుంది. ఎన్నిసార్లు పడి లేస్తుందన్నదే దాని విలువ.

ఐదవది, గాలి. తేలిక విమానానికి ఉన్న ఒకే పెద్ద బలహీనత ఇది. గంటకు 10 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు సుమారు 2.8 మీటర్లు, అది మన తేలిక విమానం వేగంలో సగానికి మించింది. ఆ గాలిలో నేర్చుకోవడం కష్టం. అందువల్ల సూర్యోదయానికి అటూ ఇటూ ఉండే నిశ్చల వేళే పాఠశాల. ఋతువుల్లో కూడా ఎంపిక ఉంది. నైరుతి గాలులు వీచే ఆషాఢం, వేడిగాలి లేచే వైశాఖ మధ్యాహ్నం తగవు. వానాకాలం వరి కోసిన తరువాత, యాసంగి నాట్లకు మడి తడపకముందు దొరికే కొద్ది వారాలు ఈ ప్రాంతపు విద్యార్థికి ప్రకృతి ఇచ్చిన మైదానం. ఎండిన కొయ్యకాళ్ల నేల పడిన విమానాన్ని బండరాయిలా విరగ్గొట్టదు. రైతు అనుమతి తీసుకోవడం, పచ్చని పైరు తొక్కకపోవడం మాత్రం ఈ విద్యలో భాగమే.

6. చట్టమూ బరువే చూస్తుంది

2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమాలు మానవరహిత విమానాలను బరువును బట్టి విభజించాయి. 250 గ్రాములు మించనివి నానో తరగతికి చెందుతాయి. నానో తరగతికి పైలట్ లైసెన్సు అవసరం లేదు. విద్య, పరిశోధన, వినోదాల కోసం కంటికి కనిపించే దూరంలో ఎగరవేసే నమూనా విమానాలకు టైప్ సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది. నడుస్తున్న విమానాశ్రయం హద్దు నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య ఆకుపచ్చ మండలం ఎత్తు 200 అడుగులకు తగ్గుతుంది. ఆ వెలుపల అది 400 అడుగులు. మామునూరు నుంచి స్టేషన్ ఘన్‌పూర్ నేరుగా 20 కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉంది. కనుక మామునూరులో విమానాలు తిరిగి దిగినా, ఆ నియమం ఇక్కడి బడి మైదానాన్ని తాకదు. ఎగరవేసే ముందు డిజిటల్ స్కై పటంలో తమ స్థలం ఏ మండలంలో ఉందో చూసుకోవడం మాత్రం తప్పనిసరి అలవాటు కావాలి.

చట్టం చెప్పకపోయినా ఇంగితం చెప్పే హద్దు మరొకటి ఉంది. ఈ ఊరికి పేరునిచ్చిన రైలుమార్గం మీద నేడు 25,000 వోల్టుల విద్యుత్ తీగ ఉంది. దాని సమీపంలో ఏ విమానాన్నీ ఎగరవేయరాదు. తీగకు చిక్కిన విమానం కోసం ఎవరూ ప్రయత్నించరాదు. ఎంత ఇష్టమైన విమానమైనా ప్రాణానికి సాటి కాదు.

7. భాష, విద్య, అవకాశం

ఈ పరిశీలనలో భాషా సంబంధమైన అంశం కూడా ఉంది. ఈ విద్యకు సంబంధించిన ఉపయోగకరమైన సమాచారం చాలావరకు ఆంగ్లంలో ఉంది. తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి బొమ్మ కనిపిస్తుంది, ధర కనిపిస్తుంది, రెక్కభారం కనిపించదు. 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబులు కొన్ని బడులకు పరికరాలను తెచ్చాయి. పరికరం వచ్చినంత వేగంగా దాని వెనుక ఉన్న భావన మన భాషలోకి రాలేదు. మలుపు వ్యాసాన్ని కబడ్డీ బరితోనూ స్థలాన్ని గుంటలతోనూ చెప్పగలిగినప్పుడు, ఎనిమిదో తరగతి విద్యార్థి కూడా భాగహారంతో తన విమానాన్ని తానే ఎంచుకోగలడు. శాస్త్రభావనను స్థానిక కొలతలోకి తేవడం తెలుగు అధ్యాపకులకూ సంబంధించిన పనే.

8. ముగింపు

నమూనా విమానం ఉద్యానంలో పుట్టి, రేడియో బరువుతో విశాల మైదానానికి వెళ్లి, తీగతో వృత్తంలోకి, తేలిక బ్యాటరీతో మళ్లీ ఆవరణలోకి వచ్చింది. ఈ వరుసలో చిన్న స్థలం ఎన్నడూ లోపంగా మిగలలేదు. ప్రతిసారీ కొత్త పరిష్కారానికి కారణమైంది. కాబట్టి మామునూరు మైదానం విద్యార్థుల చేయి దాటినంత మాత్రాన ఏరోమోడలింగ్ ఈ ప్రాంతం నుంచి పోనవసరం లేదు. 700 ఎకరాల్లో సాగిన విద్య 9 గుంటల్లోనూ సాగుతుంది. విమానాన్ని ఆ 9 గుంటలకు తగినట్లు ఎంచుకోవాలి, అంతే.

ఆ విద్యార్థికి ఈ వ్యాసకర్త ఇచ్చిన సమాధానమూ ఇదే. అతనికి చేతకాక విమానం పడలేదు. మూడున్నర ఎకరాల విమానాన్ని అతడు ఎకరం లేని మైదానంలో విసిరాడు. విరిగిన విమానంలోని మోటారు, రేడియో పరికరాల్లో పనికివచ్చేవి తీసి, మరింత వెడల్పైన తేలిక నురుగు రెక్కకు అమర్చే పని ఇప్పుడు అతని తరగతిలో మొదలైంది. ముందుగా వారు చేసిన పని మాత్రం మైదానాన్ని అడుగులతో కొలవడం.